ఉత్తరకుమారుడి ప్రగల్భాలు: నానుడి పట్టుకున్నదెంత, వదిలేసిందెంత

ఎన్నికలు దగ్గరపడే కొద్దీ నెల్లూరు, ఒంగోలు సభావేదికల మీదకి భారతంలోని పాత్రలు వరసగా దిగుతుంటాయి. పనికి అడ్డుపడేవాడు సైంధవుడు. పక్కనే ఉండి నీరుగార్చేవాడు శల్యుడు. అవతలివాడు విసిరిన సవాలు 'ఉత్తరకుమార ప్రగల్భం'. మైకు ముందు ఇన్ని పేర్లు చకచకా దొర్లిపోతుంటే ఏది ఎక్కడ అతుకుతుందో చూసే తీరిక ఎవరికీ ఉండదు. మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, ఉత్తరకుమారుడి పేరు మాత్రం విపరీతంగా అరిగిపోయింది. హామీ తప్పినవాడూ ఉత్తరకుమారుడే, ఓడిపోయినవాడూ ఉత్తరకుమారుడే, భయపడ్డవాడూ ఉత్తరకుమారుడే. నిజానికి ఈ ముగ్గురిలో ఒక్కరికీ ఆ మాట సరిపోదు.

ఈ విషయంలో నెల్లూరు వాళ్లకు కొంచెం ఎక్కువ పట్టింపు ఉండాలి. ఆ కథ తెలుగైంది ఇక్కడే. 11వ శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన, ఆ మిగిలిన అరణ్యపర్వాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. వదిలేసిన ముక్కను తర్వాతి శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. అంటే తిక్కన భారతానికి గుమ్మం విరాటపర్వం. ఆ గుమ్మంలోనే విరాటరాజు కొడుకు నిలబడి కోతలు కోస్తుంటాడు.

కథ అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, తెలిసింది సగమే. వివరాల్లోకి పోతే తప్ప నానుడి ఎక్కడ పుట్టిందో అర్థం కాదు.

పాండవులు అజ్ఞాతవాసం చేస్తున్న ఏడు అది. వాళ్లు ఎక్కడున్నారో వేగులవాళ్లు పసిగట్టలేకపోయారు. అప్పుడు భీష్ముడు ఒక ఆనవాలు చెబుతాడు: ధర్మరాజు ఉన్న దేశంలో వానలు వేళకు కురుస్తాయి, పంటలు పండుతాయి, ఆవులు పుష్కలంగా పాలు ఇస్తాయి. (వానలు మొహం చాటేసిన ఏడు విరాటపర్వం చదివించే అలవాటు తెలుగు పల్లెల్లో ఉండటానికి ఈ మాటే ఆధారం అని నాకనిపిస్తుంది. కనిగిరి, పొదిలి వైపు మెట్ట ఊళ్ల వాళ్లకు ఈ ఆనవాలు విలువ వేరే చెప్పక్కర్లేదు.) మత్స్యదేశం మీద అనుమానం పడుతుంది. ముందు త్రిగర్తరాజు సుశర్మ దక్షిణం వైపు ఆవుల్ని తోలుకుపోతాడు. విరాటుడు ఉన్న సైన్యాన్నంతా వెంటేసుకుని అటు పరుగెత్తుతాడు. మర్నాడు కౌరవులు ఉత్తరం వైపు వచ్చి పడతారు. వ్యాసభారతం లెక్కలో 60,000 ఆవులు. గోపాలకుల పెద్ద పరుగున వచ్చేసరికి కోటలో మిగిలిన మగదిక్కు ఉత్తరకుమారుడొక్కడే. ఇతనికి భూమింజయుడని ఇంకో పేరు కూడా ఉంది. నవ్వొచ్చినా అది భారతం పెట్టిన పేరే.

ఆ గోపాలకుడు వచ్చింది అంతఃపురానికి. చుట్టూ ఆడవాళ్లు. అక్కడ ఉత్తరుడు మాట్లాడిన తీరే మనకు ముఖ్యం. యుద్ధానికి ఇప్పుడే పోతాను, విల్లు పట్టుకున్నానంటే భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, దుర్యోధనుడు అందరూ చెదిరిపోతారు, వచ్చినవాడు అర్జునుడేమో అని కౌరవులు బెదిరిపోతారు అంటాడు. వెంటనే ఒక 'గానీ' తగిలిస్తాడు. పోయేవాణ్నే గానీ రథం తోలేవాడు లేడు. మునుపటి యుద్ధంలో నా సారథి పోయాడు. ఆ యుద్ధం ఎన్నాళ్లు జరిగిందయ్యా అంటే, 28 రాత్రులో, నెలో అంటాడు. తను స్వయంగా చేసిన యుద్ధానికి తనకే లెక్క తెలియదు. ఆపైన, నేను అక్కడ లేనని చూసుకుని వాళ్లు ఆవుల్ని పట్టుకుపోయారు, లేని చోట నేనేం చేయగలను అని ఇంకో మాట.

ప్రగల్భానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు. సాక్ష్యం అడిగేవాళ్లు లేని చోట మాట్లాడటం ఒకటి. పోల్చుకుంటే అందరికన్నా పెద్దవాడితోనే పోల్చుకోవడం ఇంకొకటి. అన్నిటికీ మించి ఆ 'గానీ'. అది లేకపోతే మాట అన్నవాడు లేచి వెళ్లాలి. అది ఉంది కాబట్టే కూర్చున్న చోటే వీరుడు. నిజానికి సారథి దొరకడనే ధైర్యంతోనే అతను అంత మాట అన్నాడు. దొరికేసరికి కథ అడ్డం తిరిగింది.

దొరికేలా చేసింది ద్రౌపది. సైరంధ్రి వేషంలో ఆ మాటలు వింటున్న ఆమెకు, అర్జునుడి పేరు పదేపదే ఎత్తడం మింగుడుపడలేదు. నాట్యం నేర్పే బృహన్నల ఒకప్పుడు అర్జునుడికే సారథ్యం చేసిందని చెబుతుంది. రాజకుమారుడు నేరుగా అడగడానికి మొహమాటపడి చెల్లెలు ఉత్తరతో అడిగిస్తాడు. బృహన్నల ఒప్పుకుంటుంది. వెళ్లేటప్పుడు ఆ పిల్ల, స్నేహితురాళ్లు కలిసి, కౌరవుల రంగురంగుల బట్టలు తెచ్చిపెట్టండి, మా బొమ్మలకు కావాలి అంటారు.

కౌరవసేన కంటపడగానే ఉత్తరుడికి ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మా నాన్న సైన్యాన్నంతా తీసుకుపోయి నన్నొక్కణ్నే వదిలాడు, చిన్నవాణ్ని, రథం తిప్పు అంటాడు. అంతఃపురంలో అన్న మాటలేమయ్యాయి, నవ్వరా అని బృహన్నల గుర్తుచేస్తే, కావలిస్తే ఆవుల్ని తోలుకుపోనీ, ఆడవాళ్లు నవ్వితే నవ్వనీ అని విల్లు పారేసి దూకి పరుగు. జడ ఎగురుతుండగా బృహన్నల వెంటపడటం, అది చూసి కౌరవ సైనికులు నవ్వడం, వాళ్లలోనే కొందరికి ఆ నడక చూసి అనుమానం రావడం, అన్నీ ఆ కాసేపట్లోనే. నూరడుగుల దూరంలో జుట్టు దొరికింది. వదిలిపెడితే 100 నిష్కాల మేలిమి బంగారం ఇస్తాను, 8 వైడూర్యాలు ఇస్తాను, రథం ఇస్తాను, 10 మదపుటేనుగుల్ని ఇస్తాను అని బేరం. భయంలో కూడా అంకెలు మాత్రం ఖచ్చితంగా ఉన్నాయి, యుద్ధం ఎన్నాళ్లో చెప్పలేకపోయినవాడికి!

తెలుగువాళ్ల మనసులో బొమ్మ ఇక్కడే ఆగిపోయింది. ఆగడానికి కారణం ఉంది. నవ్వు పుట్టించే ఘట్టం కాబట్టి ఆటల్లో, నాటకాల్లో దీన్నే సాగదీశారు. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో ఉత్తరకుమారుడు రేలంగి. ఆ తర్వాత ఆ పాత్రను వేరే మొహంతో ఊహించుకోవడం మన తరాలకు కష్టమైపోయింది.

ఇక నానుడి వాడుక. ఏది ఉత్తరకుమార ప్రగల్భం, ఏది కాదు అనేది మన దగ్గరి ఉదాహరణతోనే తేల్చుకోవచ్చు. తీరప్రాంతంలో రొయ్యల గుంట వేసిన మనిషి ఒకడున్నాడనుకుందాం. ఈసారి మంచి కౌంటు వస్తుంది, అప్పులన్నీ తీర్చేస్తాను అని ఊరంతా చెప్పాడు. తెల్లమచ్చ రోగం తగిలి గుంట తుడిచిపెట్టుకుపోయింది. అతణ్ని పట్టుకుని ఉత్తరకుమార ప్రగల్భాలు అనడం అన్యాయం. అతను గుంటలో దిగాడు, డబ్బు పెట్టాడు, నష్టపోయాడు. చెప్పింది జరగకపోవడం వేరు. అదే గట్టు మీద టీ తాగుతూ, "నాకు గాని గుంట ఉండుంటే చూపిస్తాన్రా అబ్బయ్యా, మీకెవురికీ మేత పెట్టడం కూడా రాదు" అనే బావ ఉంటాడే, అతని కోసం దాచుకోవాలి ఈ మాట. మర్నాడు ఎవరో నిజంగానే గుంట కౌలుకిస్తానంటే మూడు నెలల పాటు ఊళ్లో కనపడడు చూడండి, అప్పుడు నానుడి నిండుగా పండినట్టు.

రాజకీయాల్లోనూ అంతే. వంతెన కట్టిస్తానని ఓట్లు వేయించుకుని కట్టించనివాడు మాట తప్పినవాడు. దానికి మనకు తిట్లు చాలా ఉన్నాయి, ఉత్తరుడితో పని లేదు. చర్చకు రా, లెక్కలు తేలుస్తా అని దూరం నుంచి సవాలు చేసి, తేదీ, చోటు ఖరారయ్యాక అనుమతి లేదనో ఆరోగ్యం బాగాలేదనో అంటే, అదీ ఉత్తరకుమార వ్యవహారం. 'గానీ' ఎక్కడుందో వెతకండి, తప్పకుండా దొరుకుతుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు అనే సామెతను కూడా కొందరు దీనికి బదులు వాడతారు. ఆ సామెతలోని ఆవిడ కనీసం ఎగరబోయింది. మనవాడు ఎగరకుండా ఉండేందుకు కావలసిన ఏర్పాట్లు ముందే చేసుకుంటాడు.

శల్య సారథ్యంతో కలిపేవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ రథం తోలినవాళ్లు కావడంతో. శల్యుడు చేతకానివాడు కాడు. రథం తోలడంలో ఆరితేరిన మద్రరాజు. దుర్యోధనుడి మర్యాదలకు చిక్కి అటువైపు చేరి, ధర్మరాజుకిచ్చిన మాట ప్రకారం 17వ రోజు యుద్ధంలో కర్ణుడి రథం మీద కూర్చుని కర్ణుణ్నే దెప్పుతూ పోయాడు. చేతనై ఉండి మనసు లేనివాడిది శల్య సారథ్యం. సంస్థలో అన్నీ తెలిసిన సీనియర్ 'ఇది జరిగే పని కాదులే' అని రోజూ అంటుంటే ఆ మాట వాడాలి.

పనిలో పనిగా ఇంకో మాట. ఎదుటివాణ్ని చులకన చేయడానికి 'బృహన్నల' అని తిట్టేవాళ్లను చూస్తుంటాం. ఆ రోజు కౌరవసేన మొత్తాన్ని ఒంటరిగా వెనక్కి కొట్టింది బృహన్నలే. ఆ తిట్టు తిట్టేవాడికి భారతం తెలియదని మాత్రమే దానివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు నానుడి వదిలేసిన రెండో సగం.

పట్టుబడ్డ తర్వాత ఉత్తరుడు మళ్లీ పారిపోలేదు. నువ్వు రథం తోలు, యుద్ధం నేను చేస్తాను అంటాడు అర్జునుడు. జమ్మిచెట్టు మీద శవంలా కట్టి దాచిన ఆయుధాల మూటను, రాజపుత్రుణ్ని శవాన్ని ముట్టుకోమంటావా అని జంకుతూనే, ఎక్కి దించాడు. ఎవరు నువ్వు అని అడిగి, అర్జునుడికున్న 10 పేర్లూ చెప్పించుకుని గాని నమ్మలేదు. తర్వాత తోలాడు. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, కర్ణుడు, అశ్వత్థామ ఒక్కొక్కరి మీదికి తోలాడు. నడుమ గుండె జారితే అర్జునుడు సర్దిచెప్పాడు, మళ్లీ పగ్గాలు పట్టాడు. సమ్మోహనాస్త్రానికి అందరూ స్పృహ తప్పి పడి ఉన్నప్పుడు, రథం దిగి వాళ్ల మధ్యకు నడిచి కృపుడి తెల్లబట్ట, కర్ణుడి పచ్చబట్ట, అశ్వత్థామ, దుర్యోధనుల నీలిబట్టలు పట్టుకొచ్చినవాడు ఉత్తరుడే. భీష్ముడికి ఆ అస్త్రం పనిచేయదు, ఆయన జోలికి పోవద్దని అర్జునుడు ముందే హెచ్చరించాడు. పొద్దున ఆ సేనను దూరం నుంచి చూసి దూకి పారిపోయిన మనిషి సాయంత్రానికి చెల్లెలి బొమ్మలకు బట్టలు సంపాదించాడు.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక ఎదురైంది. గెలుపు నీదేనని చెప్పుకో, మా సంగతి బయటపెట్టకు అని అర్జునుడు దారిలోనే చెప్పాడు. వార్తాహరులు వెళ్లి ఉత్తరుడు గెలిచాడని చాటారు కూడా. విరాటుడు ఊరంతా అలంకరించి మురిసిపోతున్నాడు. ఎదురుగా పాచికలాడుతున్న కంకుభట్టు, అంటే ధర్మరాజు, బృహన్నల సారథిగా ఉంటే గెలవక ఏమవుతుంది అన్నందుకు కోపంతో పాచిక మొహాన విసిరి రక్తం కళ్లచూశాడు. సభంతా సిద్ధంగా ఉంది. ఈసారి ప్రగల్భం పలకడానికి ఉత్తరుడికి 'గానీ' కూడా అక్కర్లేదు. నోరు తెరవకుండా ఊరుకున్నా సరిపోయేది.

అతను లోపలికి రాగానే కంకుభట్టు మొహం మీద రక్తం చూసి, ఎవరు కొట్టారు, తప్పు చేశారు, క్షమాపణ అడగండి అని తండ్రికే చెప్పాడు. కర్ణుణ్ని ఎలా ఎదిరించావు, భీష్ముణ్ని ఎలా నిలవరించావు అని తండ్రి మురిపెంగా అడుగుతుంటే, ఆవుల్ని గెలిచింది నేను కాదు, శత్రువుల్ని గెలిచింది నేను కాదు, ఎవరో దేవకుమారుడు చేశాడు అన్నాడు. భయపడి పారిపోతుంటే ఆయనే నన్ను ఆపాడని కూడా నిండు సభలో చెప్పాడు. అడక్కపోయినా చెప్పాడు. పాండవుల రహస్యం దాచిపెట్టాడు, తన పిరికితనం దాచుకోలేదు.

ఇన్ని ఎన్నికలు చూశాం. ఊరికే వచ్చిన గెలుపును నాది కాదన్న నాయకుణ్ని పొగడటానికి మనకు ఉత్తరుడి పేరు మీద ఒక్క మాటా పుట్టలేదు. అవసరం పడి ఉండదు.

తిక్కన ఈ ఘట్టం రాసిన ఊరికి యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి కథ ఇంకొకటి ఉంది. అది పుస్తకాల కన్నా జనం నోట ఎక్కువ నిలిచింది. తిక్కన దాయాది సోదరుడు, మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన. పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, దగ్గర తగవు పెరిగి కాటమరాజు యాదవులతో పాలేటి ఒడ్డున యుద్ధం జరిగింది. ఒకసారి బలగం చాలక ఖడ్గతిక్కన వెనక్కి వచ్చాడట. స్నానానికి వెళ్తే భార్య మంచం అడ్డం పెట్టి, పసుపుముద్ద, నీళ్లు ఉంచింది, ఆడవాళ్లకు పెట్టినట్టు. ఇదేంటంటే, ఇంట్లో ఇద్దరం ఆడవాళ్లం ఉన్నాం, ఇప్పుడు ముగ్గురమయ్యాం అంది. భోజనంలో తల్లి విరిగిన పాలు పోసి, నువ్వూ విరిగావు, పాలూ విరిగాయి అందట. వెంటనే వెళ్లి పోరాడి చచ్చిపోయాడు.

రెండు కథల్లోనూ ఇంటి ఆడవాళ్ల ముందు మొహం ఎలా చూపించాలన్నదే పీటముడి. ఖడ్గతిక్కన ఆ నవ్వుకు ప్రాణమిచ్చాడు. ఉత్తరుడు నవ్వితే నవ్వనీ అన్నాడు. మనం మొదటివాణ్ని వీరుడని, రెండోవాణ్ని విదూషకుడని తేల్చేశాం. నాకు మాత్రం ఆ పసుపుముద్ద కథ ఎప్పుడు విన్నా కడుపులో దేవినట్టు ఉంటుంది. సేన చాలనప్పుడు వెనక్కి రావడం సేనాని చేయాల్సిన పనే. అతను ప్రగల్భాలు పలికినట్టు కథలో ఎక్కడా లేదు. కేవలం వెనక్కి వచ్చినందుకు అతణ్ని ఉత్తరుడి గాటన కట్టేశారు. ఈ నానుడిని తప్పుగా వాడితే జరిగే నష్టం సరిగ్గా ఇదే. ఎత్తిచూపాల్సింది మాటని, మనం భయాన్ని ఎత్తిచూపుతాం.

భయమే తప్పయితే అర్జునుణ్ని కూడా వదలకూడదు. కురుక్షేత్రంలో మొదటిరోజు రెండు సేనల నడుమ రథం ఆపించుకున్నప్పుడు అతనికీ ఒళ్లు వణికింది, రోమాలు నిక్కబొడుచుకున్నాయి, గాండీవం చేతిలోంచి జారింది, యుద్ధం చేయనని కూర్చున్నాడు. కారణం వేరు: ఎదురుగా ఉన్నది తాతలు, గురువులు, అన్నదమ్ములు. కానీ ఒంటికి కలిగిన లక్షణాలు చూస్తే, ఆనాడు తను జుట్టు పట్టుకుని ఆపిన కుర్రవాడివే. ఆ రోజు ఆపింది రథం తోలుతున్న అర్జునుడు, ఈ రోజు ఆపింది రథం తోలుతున్న కృష్ణుడు. అర్జునుడి మీద ప్రగల్భాల నానుడి పుట్టకపోవడానికి కారణం, అంతకుముందు అతను అంతఃపురంలో కోతలు కోయకపోవడమే.

ఆ రోజే ఉత్తరుడు కూడా కురుక్షేత్రంలో ఉన్నాడు, పాండవుల వైపు. ఈసారి సారథి లేడనలేదు, ఏనుగెక్కి వచ్చాడు. ఎదురుపడింది శల్యుడు, ఇంకో నానుడికి పేరిచ్చినవాడు. ఉత్తరుడి ఏనుగు శల్యుడి రథానికి కట్టిన నాలుగు గుర్రాలనూ తొక్కి చంపింది. గుర్రాల్లేని రథం మీద నిలబడే శల్యుడు విసిరిన శక్తి ఉత్తరుడి కవచాన్ని చీల్చింది. ఏనుగు మీది నుంచి పడి చనిపోయాడు. పారిపోలేదు.

భీష్మపర్వం అనగానే గీత గుర్తొస్తుంది, ఆ తర్వాత అంపశయ్య. నడుమ ఈ కుర్రవాడి చావు ఎవరికీ పట్టదు. విరాటపర్వాన్ని వానల కోసమైనా చదివిస్తారు, ఆటగాళ్లు నవ్వించడానికైనా ఆడతారు. ఉత్తరుడు పారిపోయిన ఘట్టం ఆ పర్వంలో ఉంది, చచ్చిపోయిన ఘట్టం దాని తర్వాత ఒక పర్వం దాటాక ఉంది.